పెళ్లిరోజు బఫే డిన్నర్: తిండి సరే, కలిసి కూర్చునేదెప్పుడు?

పెద్ద హోటళ్లు పెళ్లిరోజు జంటల కోసమని ప్రత్యేకంగా పెట్టే బఫే డిన్నర్‌కి ఈ ఏడాది మేమూ వెళ్లొచ్చాం. వెళ్దామా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. తిండి బాగుంది, కొన్నయితే చాలా బాగున్నాయి. పనిచేసేవాళ్ల మర్యాద ఇంకా బాగుంది. కానీ ఆ రాత్రి మేమిద్దరం ఒకేసారి టేబుల్ దగ్గర ఉన్న సమయం చాలా తక్కువ. నేను వస్తే ఆయన లేస్తారు, ఆయన వస్తే నేను లేస్తాను. జంటల కోసం అని పేరు పెట్టి, జంటను విడదీసే భోజనం పెట్టారేమిటా అనిపించింది.

హోటల్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు ఆ ఒక్క హోటల్‌వి కావు, బఫే పద్ధతిలోనే ఉన్నవి. పేరు రాస్తే చదివినవాళ్లు దాన్ని తప్పించుకుని పక్క హోటల్‌కి వెళ్లి, అదే అనుభవాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటారు.

నా గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే కింద రాసేదంతా చాదస్తంలా కనిపిస్తుంది. నేను ఆహార పదార్థాలు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. వంటకం ఎదురుగా కనబడితే అది ఎంత వేడిగా ఉంది, ఎప్పటినుంచి ఉంది, మూత ఎవరు తీశారు అన్నవే ముందు నా కంటికి ఆనతాయి. బయల్దేరేటప్పుడే మా ఆయన నా హ్యాండ్‌బ్యాగ్ వైపు అనుమానంగా చూసి, "ఈ ఒక్క రాత్రికి ఆ థర్మామీటర్ ఇంట్లో వదిలెయ్యి" అన్నారు. వదిలేశాను. కళ్లు మాత్రం ఇంట్లో వదల్లేను కదా.

బుకింగ్ ఫోన్‌లోనే అయిపోయింది. ఫోన్ ఎత్తినమ్మాయి ఏమేం ఉంటాయో గబగబా అప్పజెప్పింది. కిటికీ పక్క టేబుల్, పూలు, కొవ్వొత్తి, కేక్, లైవ్ మ్యూజిక్, తొంభైకి పైగా ఐటమ్స్. ఈ చివరి అంకెను చూసి మురిసిపోకండి. సలాడ్ మీద పోసుకునే ఒక్కో డ్రెస్సింగ్, దానిమీద చల్లుకునే గింజలు, బ్రెడ్ పక్కన పెట్టే రెండు రకాల వెన్న, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఐస్‌క్రీమ్ మీద పోసే సాస్‌లు కూడా. ఎన్ని ఐటమ్స్ అని కాకుండా, ఎదురుగా అప్పటికప్పుడు చేసి ఇచ్చే కౌంటర్లు ఎన్ని ఉన్నాయి అని అడగండి. బఫేలో నిజంగా తినదగిన సరుకు ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఇక్కడ అలాంటివి మూడు ఉన్నాయి. రోస్ట్ కోసి ఇచ్చేది, పాస్తా కౌంటర్, చేపలు గ్రిల్ చేసేది.

రెండు సీటింగ్‌లు, అంటే ఒక బ్యాచ్ తిని లేచాక ఇంకో బ్యాచ్, ఉన్నాయన్నారు. మేం మొదటిది తీసుకున్నాం, మీరూ అదే తీసుకోండి. బఫేలో తిండికి వయసు ఉంటుంది. తలుపులు తెరిచిన తొలి అరగంటలో గిన్నెలు నిండుగా, అంచులు శుభ్రంగా, ఏ గరిటె దానిలోనే ఉంటుంది. ఆ తర్వాత పుట్టగొడుగుల సూప్ గరిటె టమాటా సూప్‌లోకి వలస పోతుంది. ఎవరికైనా ఏదైనా పడకపోతే, అలర్జీ ఉంటే, మొదటి సీటింగ్ మంచిదని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

కిటికీ పక్క టేబుల్ దొరకలేదు. ఆ రాత్రి అలాంటి జంటలు చాలామందే వచ్చారు, కిటికీలు మాత్రం కొన్నే కదా. మాకు చూపించిన టేబుల్ సరిగ్గా బ్యాండ్ వాళ్ల స్పీకర్ పక్కన ఉంది. మా ఆయన నోరు కదుపుతున్నారు, నాకేమీ వినపడటం లేదు. అక్కడే కూర్చుని సూప్ తాగితే చప్పగా తోచింది. దీనికి వంటవాణ్ణి తిట్టాల్సిన పని లేదు. చుట్టూ రొద ఎక్కువగా ఉన్నప్పుడు నాలుకకు ఉప్పు, తీపి రెండూ తగ్గినట్టు అనిపిస్తాయని 2011లో వచ్చిన ఒక పరిశోధనలో తేల్చారు. చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టి, మోత వినిపిస్తూ తినిపించి చూశారు. విమానంలో తిండి చప్పగా ఉంటుందని అందరూ అనే మాటకు ఇదీ ఒక కారణం. విమానంలో అయితే ఎక్కడికీ పోలేం గానీ, హోటల్లో టేబుల్ మారొచ్చు కదా.

మార్చమని అడిగితే కౌంటర్ దగ్గర ఉన్న మేనేజర్ ముందు "ఫుల్ మేడమ్" అన్నాడు. మా టేబుల్ చూసుకుంటున్న వెయిటర్ అబ్బాయి మాత్రం ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి గోడ వైపు ఒక మూల టేబుల్ చూపించాడు. కిటికీ లేదు, పూలకుండీ అడ్డం ఉంది. అయితేనేం, అదే నాకు ఆ హాల్లో అన్నిటికంటే మంచి టేబుల్. పాట వినపడుతుంది, మాటా వినపడుతుంది. చల్లారిపోయిన సూప్ తీసేసి అడగకుండానే ఇంకో గిన్నె తెచ్చిపెట్టాడు. అదే సూప్, ఈసారి ఉప్పు సరిపోయింది!

ఇక తిండి. ముందు చల్లటివి. సలాడ్లు, కోసిన పళ్లు, చీజ్, రొయ్యల సలాడ్ అన్నీ ఐసు మీద పెట్టారు. చూడ్డానికి అందంగానే ఉంది. గిన్నెలు ఐసులోకి అంచుదాకా దిగి ఉంటే లోపలున్నది చల్లగా ఉంటుంది. ఐసు పైన ఊరికే నిలబెట్టి, గిన్నెలో గోపురంలా పేరిస్తే, అడుగునున్నది చల్లగా, పైనున్నది గది వేడిలో ఉంటుంది. ఆకుకూరల సలాడ్‌కి అలా అయినా పెద్దగా నష్టం లేదు. రొయ్యల సలాడ్ కూడా గోపురమే కట్టారు, పైగా దాన్ని కలిపింది మయొనైజ్‌తో. ప్రపంచ ఆరోగ్య సంస్థ సామాన్యుల కోసం చెప్పే లెక్క చాలా తేలిక. చల్లగా ఉండాల్సింది 5 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువలో, వేడిగా ఉండాల్సింది 60 డిగ్రీల కన్నా ఎక్కువలో ఉండాలి. వండినదాన్ని గది వేడిలో 2 గంటలకు మించి ఉంచకూడదు. నేను రొయ్యల జోలికి పోలేదు. మా ఆయన పోబోతుంటే కళ్లతోనే ఆపాను. "థర్మామీటర్ తెచ్చుకున్నా బాగుండేది, అది మాట్లాడదు" అని గొణుక్కుంటూ చీజ్ వైపు మళ్లారు.

వేడి వంటకాల వరుస దగ్గర నాకు తృప్తిగా అనిపించిన విషయం ఒకటుంది. ట్రే అడుగంటుతుంటే కొత్త ట్రే తెచ్చి పాతది మొత్తంగా తీసుకెళ్లారు. చాలా చోట్ల పాతదాని మీదే కొత్తది గుమ్మరిస్తారు. అప్పుడు అడుగున ఉన్న ముక్క సాయంత్రం నుంచి అక్కడే ఉంటుంది, ఎప్పుడు వండారో ఎవరికీ తెలియదు. మీరు ఏ బఫేకి వెళ్లినా ఒక్క నిమిషం నిలబడి ట్రే ఎలా మారుస్తున్నారో చూడండి. ఆ వంటింటి సంగతి అక్కడే సగం తెలిసిపోతుంది.

ఆ వరుసలో ఏం వేసుకోవాలి, ఏం వదిలేయాలి అన్నది రుచి కన్నా ముందు ఆ మూత గిన్నె ఎలా పనిచేస్తుందో తెలిస్తే తేలిపోతుంది. కింద చిన్న డబ్బాలో ఇంధనం మండుతుంటుంది, దాని మీద నీళ్ల ట్రే, ఆ నీళ్ల ఆవిరి మీద వంటకం ట్రే. అది వండదు, వేడిని కాపాడుతుంది, అంతే. ఆవిరి, మూత కలిసినచోట తడి తప్పదు. కాబట్టి వేయించినవేవీ అక్కడ బతకవు. ఆ రాత్రి బ్రెడ్ పొడి అద్ది వేయించిన చికెన్ ముక్కలు అలాగే చచ్చాయి. పైపొర మెత్తబడి ముక్కను వదిలేసింది, ఫోర్క్‌తో ఎత్తితే చొక్కా విప్పుకుని వచ్చేసింది. ఉడికించిన బీన్స్, బ్రోకలీ కూడా వెళ్లగానే పచ్చగా ఉన్నవి కాసేపటికే ముదురు ఆలివ్ రంగుకి తిరిగాయి. ఎక్కువసేపు వేడిలో ఉంటే ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితంలోంచి మెగ్నీషియం జారిపోతుంది, అదే ఆ రంగు మారడం. విషమేమీ కాదు, రుచే పోతుంది. అదే గిన్నెల్లో చిన్న మంట మీద చాలాసేపు ఉడికించిన మాంసం, బీన్స్ కూర, చిక్కటి గ్రేవీ ఉన్న పుట్టగొడుగులు దివ్యంగా ఉన్నాయి. వాటికి వేడిలో నానడం మేలే చేస్తుంది. నేను రెండోసారి వెళ్లింది ఆ మాంసం కోసమే. ఎముక దగ్గర ముక్క చెంచాతోనే విడిపోయింది, మిరియాల ఘాటు చివర్లో వచ్చింది, ఉప్పు ఎక్కడా మితి మీరలేదు.

రోస్ట్ కౌంటర్ గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఆ రాత్రి నాకు బాగా నచ్చింది అదే. కాస్త వయసు మళ్లిన వంటాయన, ముందు పెద్ద చెక్క పలక, పైన వేడి దీపం. మేం వెళ్లేసరికి ఓవెన్లోంచి కొత్త ముక్క వచ్చింది. ముందు నిలబడ్డ ఒకాయన ప్లేటు చాపి "అదే కొయ్యండి" అన్నారు. వంటాయన నవ్వి, "కాసేపు ఆగాలి సార్, ఈలోగా సలాడ్ తీసుకోండి" అని ముక్కను అలాగే ఉంచేశారు. ఓవెన్లోంచి తీసిన వెంటనే కోస్తే రసమంతా పలక మీదకు కారిపోతుంది. పావుగంటో ఇరవై నిమిషాలో విశ్రాంతి ఇస్తే మాంసంలోనే నిలుస్తుంది. లైన్లో జనం ఉన్నా ఆగమని చెప్పగల వంటవాడు బఫేలో దొరకడం అరుదు. సాధారణంగా జనం తొందర పెడితే వాళ్లూ తొందరపడిపోతారు. ఆ తర్వాత కోసిన తీరు కూడా చూడాలి. మాంసం పోగులకు అడ్డంగా, పల్చగా. నాకు బయటి వైపు ముక్క ఇష్టమని చెబితే, అడ్డు చెప్పకుండా మాడీ మాడనట్టున్న ఆ అంచు కోసిచ్చి, పలక మీద నిలిచిన రసాన్ని దాని మీద ఒక చెంచా పోశారు. పక్కన పెట్టిన సాస్ ఏదో తీపిగా ఉంది, అది అనవసరం.

పాస్తా కౌంటర్ దగ్గర మాత్రం సమయం కరిగిపోయింది. పాస్తాని ముందే ముప్పాతిక వంతు ఉడికించి ఉంచుకుని, అడిగినవాళ్లకి అడిగిన సాస్‌లో వేసి తిప్పి ఇస్తారు. ఒక్కో ప్లేటుకి ఓ మూడు నాలుగు నిమిషాలు. రెండే పొయ్యిలు, ముందు బోలెడుమంది. నేను నిలబడ్డంతసేపూ మా ఆయన దూరంగా మూలన ఒంటరిగా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. నా చుట్టూ లైన్లో ఉన్నవాళ్లంతా కూడా ఎవరి జంటనో టేబుల్ దగ్గర వదిలి వచ్చినవాళ్లే. నేను పాస్తాతో వచ్చేసరికి ఆయన నా కోసం ఆగి ఆగి, చల్లారుతోందని తన ప్లేటు తినేసి, చేప కోసం లేచి వెళ్లారు. ఆయన వచ్చేసరికి నా పాస్తా అయిపోయింది. కుర్చీలాట ఆడుతున్నట్టుంది, పాట ఆగినప్పుడు కూడా ఇద్దరం కూర్చోలేదు.

దీనికి తోడు ప్లేట్లు తీసేసేవాళ్ల హడావుడి. మంచి ఉద్దేశమే, ఎంగిలి ప్లేటు కళ్లముందు ఉండకూడదని. కానీ నేను సగం తిన్న బ్రెడ్ వదిలి చీజ్ కోసం వెళ్లి వచ్చేలోపు బ్రెడ్ లేదు, నాప్కిన్ లేదు, వేరే ఫోర్క్ ఉంది. రెండోసారీ అదే జరిగాక వెయిటర్ అబ్బాయికి చెప్పాను. అప్పుడు చెప్పాడు, నాప్కిన్ మడిచి ప్లేటు పక్కన పెడితే భోజనం అయిపోయిందని, కుర్చీ మీద వేసి వెళ్తే తిరిగొస్తారని వాళ్లకి నేర్పిస్తారట. అన్ని హోటళ్లలో ఇదే లెక్క ఉంటుందని చెప్పలేను గానీ, ఇక్కడ ఆ తర్వాత ఎవరూ నా ప్లేటు ముట్టుకోలేదు.

కలిసి లేచి, కలిసి తెచ్చుకుని, కలిసి కూర్చోవచ్చు కదా అంటారు. చేసి చూశాం. ఆయన నేరుగా ఒక కౌంటర్‌కి వెళ్లి నింపుకుని వచ్చే మనిషి, నేను అన్నీ ఒక చుట్టు చూస్తే గానీ చెయ్యి చాపను. ఇద్దరం కలిసి వెళ్తే ఆయన ప్లేటు చల్లారేదాకా నా వెనకే తిరగాలి. చివరికి కుదిరింది వేరే పద్ధతి. ఇద్దరికీ సరిపడా ఒకరు తేవడం, రెండోవాళ్లు కూర్చోవడం, మళ్లీ వంతు మారడం. చిన్న ప్లేట్లలో నాలుగైదు రకాలు మధ్యలో పెట్టుకుని ఇద్దరం తిన్నాం. అప్పుడు గానీ పెళ్లిరోజు అనిపించలేదు. ఆయన నాకోసం ఏం తెస్తారో చూడ్డం కూడా సరదాగానే ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆలివ్ కాయలంటే ఇష్టమనే అనుకుంటున్నారు.

బఫేకి మూలమని చెప్పుకునే స్వీడన్ వాళ్ల స్మోర్గాస్‌బోర్డ్‌లో, అంటే రకరకాల వంటకాలు పరిచిన బల్ల దగ్గర, తినడానికి ఒక క్రమం ఉంది. ముందు చల్లటి చేపలు, తర్వాత చల్లటి మాంసం, ఆపైన వేడివి, చివర తీపి. ప్రతిసారీ కొత్త ప్లేటు. అన్నీ ఒకే ప్లేటులో కొండలా పేర్చే అలవాటు వాళ్లకు లేదు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో స్వీడన్ వాళ్లు త్రీ క్రౌన్స్ అనే రెస్టారెంట్ పెట్టి, అందులో ఈ వంటకాల బల్లనే గుండ్రంగా తిరిగేలా చేశారు. మనుషులు తిరగడం కన్నా తిండి తిరగడం నయం అని ఎనభై ఏళ్ల కిందటే ఎవరికో తోచింది. అది మళ్లీ ఎందుకు మానేశారో! ఆ క్రమం ఒక్కటి పాటించినా చాలు, నాలుగు చిన్న విడతల్లో పని అయిపోతుంది. మధ్యలో కూర్చునే తీరిక కూడా దొరుకుతుంది. పక్క టేబుల్ వాళ్లు అన్నీ ఒకేసారి తెచ్చుకుని, సగం వదిలేసి, మళ్లీ కొత్త ప్లేట్లతో వచ్చారు. ఆ వదిలేసిన రోస్ట్ ముక్కలు చూస్తే నాకు ఆ వంటాయన గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

స్వీట్ల దగ్గర మా ఆయన అసలు రూపం బయటపడింది. అంతకుముందే "ఇక ఒక్క మెతుకు కూడా పట్టదు" అని కుర్చీలో వెనక్కి వాలిన మనిషి, కారామెల్ కస్టర్డ్ కనబడగానే లేచారు. ఆకలికి, తీపికి పొట్టలో వేర్వేరు గదులుంటాయని ఆయన వాదన. గదుల సంగతేమో గానీ, ఒకే రుచి తింటూ పోతే దాని మీద మోజు తగ్గుతుందనీ, కొత్త రుచి ఎదురైతే మళ్లీ తినాలనిపిస్తుందనీ బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసినవాళ్లు 1981లోనే చూపించారు. బఫే నడిచేదంతా ఆ ఒక్క సూత్రం మీదే. ఇది చెబితే ఆయన, "చూశావా, సైన్స్ కూడా నా వైపే ఉంది" అని ఇంకో గిన్నె తెచ్చుకున్నారు.

కస్టర్డ్ నిజంగానే బాగుంది. చెంచా పెడితే వణికింది గానీ విరగలేదు, పైన కారామెల్‌లో చేదు సరిగ్గా నిలిచింది. బాదం పొడి వేసి కాల్చిన చిన్న కేక్ ముక్కలు కూడా తినదగినవే. నురగలా మెత్తగా ఉండాల్సిన మూస్ మాత్రం, గట్టిపడటానికి వేసే జెలటిన్ ఎక్కువై రబ్బరయింది. రెండు గంటలు కౌంటర్ మీద నిలబెట్టాలంటే వాళ్లకి అది తప్పదేమో, నాకు తినడం తప్పనిసరి కాదుగా. చాక్లెట్ ఫౌంటెన్ గురించి ఒక మాట. అది ధారగా పడాలంటే చాక్లెట్‌లో నూనె గానీ అదనపు కోకో వెన్న గానీ కలపాలి. అందుకే చూసినంత అందంగా నాలుక మీద ఉండదు. పైగా పిల్లల వేళ్లకి అందే ఎత్తులో ఉంది. అక్కడ కూడా నేను కళ్లతోనే ఆపాను, ఈసారి ఆయన ఆగలేదు.

ప్యాకేజీలో కేక్ ఉందన్నానుగా. మా ఆయనకు నలుగురి కళ్లూ తనమీద పడటమంటే చెమటలు పడతాయి. మాకంటే ముందు ఇంకో జంటకి దీపాలు తగ్గించి, వెయిటర్లంతా చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ పాట పాడితే, ఈయన టెన్షన్‌తో నీళ్లు తాగడం మొదలుపెట్టారు. ఆ చప్పట్ల పాట హాల్లో ప్రతి పది నిమిషాలకీ ఒకసారి వినపడుతూనే ఉంది, పాపం ఆ పిల్లలు ఎన్ని జంటలకు పాడారో. నేను మన వెయిటర్ అబ్బాయిని పిలిచి, పాట వద్దు, చప్పట్లు వద్దు అన్నాను. అతను ఇబ్బందిగా చూస్తాడనుకున్నా. హాయిగా నవ్వి, "థాంక్స్ మేడమ్" అన్నాడు. కాసేపయ్యాక ఎలాంటి హంగామా లేకుండా, ప్లేటు అంచున చాక్లెట్‌తో శుభాకాంక్షలు రాసిన కేక్ తెచ్చిపెట్టి వెళ్లిపోయాడు. కేక్ మాత్రం స్వీట్ల కౌంటర్లో మేం అప్పటికే తిన్న బాదం కేకే, కాస్త పెద్ద ముక్క. ప్రత్యేకంగా చేస్తామని ఫోన్లో చెప్పిన దాంట్లో ప్రత్యేకం ఆ చాక్లెట్ రాత ఒక్కటే. రాత బాగుంది, అక్షరాలు వంకర పోలేదు.

బిల్లు దగ్గర రెండు చిన్న చికాకులు. తాగేవన్నీ, చివరికి సీసా నీళ్లు కూడా ప్యాకేజీ బయటే. టేబుల్ మీద మూత తీసి పెట్టిన సీసా చూస్తే అది కలిపే ఇచ్చారనుకుంటాం. కూర్చోగానే ఏవి కలిపి, ఏవి విడి అని అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. రెండోది, సీటింగ్ అయిపోయే ముందు "లాస్ట్ కాల్" అని చెప్పిన తీరు. మర్యాదగానే చెప్పారు గానీ, చెప్పిన క్షణం నుంచీ ట్రేలు ఎత్తేయడం మొదలుపెట్టారు. తర్వాతి బ్యాచ్ తలుపు దగ్గర నిలబడి మా వైపే చూస్తోంది. కాఫీ తాగుతూ అప్పుడే కబుర్లలో పడ్డాం. ఇంకో అరగంట కూర్చోనిస్తే ఈ సమీక్ష వేరేలా రాసేదాన్నేమో. మిగిలిన కాఫీ కింద లాబీలో సోఫాలో తాగొచ్చని మన వెయిటర్ అబ్బాయే చెప్పి, కప్పులు స్వయంగా పట్టుకొచ్చాడు. ఆ రాత్రి మేం ఎక్కువగా మాట్లాడుకున్నది ఆ సోఫాలోనే.

ఎవరికి పనికొస్తుందంటే, తినడమే పండగ అనుకునే జంటకి, లేదా పిల్లలతో, పెద్దవాళ్లతో కలిసి పెళ్లిరోజు చేసుకునేవాళ్లకి. అలాంటి పెద్ద గుంపులో ఒకరు లేస్తే నలుగురు కూర్చుని ఉంటారు, మాటకు లోటుండదు. ఇద్దరే వెళ్లి, తీరిగ్గా కూర్చోవాలనుకుంటే అదే హోటల్లో మెనూ చూసి ఆర్డర్ ఇచ్చే రెస్టారెంట్ పక్కనే ఉంటుంది. రకాలు తక్కువే, కానీ తెచ్చిపెట్టేవాళ్లు ఉంటారు. వచ్చే ఏడాది మేం అక్కడికే. ఆ రోస్ట్ వంటాయన అక్కడ కూడా వండుతారా అని కనుక్కున్నాను, వారంలో కొన్ని రోజులు వండుతారట.

వచ్చేటప్పుడు రాసిచ్చిన ఫీడ్‌బ్యాక్ కాగితంలో రొయ్యల సలాడ్ గురించి, స్పీకర్ గురించి రాసి, వెయిటర్ అబ్బాయి పేరూ వంటాయన పేరూ కనుక్కుని మరీ మెచ్చుకున్నాను. మేనేజర్ అది చదివి, "వచ్చే పెళ్లిరోజుకి తప్పకుండా రండి" అని డిస్కౌంట్ కూపన్ ఒకటి చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి దాని వెనక ఉన్న చిన్న అక్షరాలు మా ఆయన పైకి చదివారు. గడువు మూడు నెలలు.